కాలు మీద కాలేసుకున్నందుకు కొట్టారు, స్టేషన్లో ‘చిన్న గొడవ’ అంటున్నారు

తమ్ముడూ, నీ ప్రశ్న చదవనివాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. పత్తికొండ పక్కన మీ ఊరు. పీర్ల పండగ రాత్రి నీ స్నేహితుడు, మాదిగ ఇంటి పిల్లోడు, బొలేరో డ్రైవరు, చావిడి ముందరి అరుగు మీద కాలు మీద కాలేసుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. నలుగురొచ్చి కులం పేరుతో తిట్టి కట్టెలతో కొట్టారు. ఎడమ మణికట్టు విరిగింది. స్టేషన్‌కు పోతే "పండగ పూట తాగి కొట్టుకున్నారు, దీంట్లోకి కులాన్ని ఎందుకు తెస్తారప్పా" అన్నారు. కాగితం తీసుకున్నారు గానీ ఎఫ్‌ఐఆర్ కాలేదు. నువ్వు అక్కడే ఉన్నావు. నీది ఆ కులం కాదు. కొట్టినవాళ్లలో ఒకడు మీ పెదనాయన కొడుకు. ఇది ఊరి గొడవా, ద్వేషంతో చేసిన నేరమా, నేను వాడికి ఎట్ల తోడుండాలి అని అడిగావు.

పాతికేళ్లుగా అనంతపురంలో వకీలు పని చేస్తున్నాను. అందులో ఎక్కువ భాగం అట్రాసిటీ కేసుల్లో, అంటే ఎస్సీ, ఎస్టీల మీద జరిగే దాడుల, అవమానాల కేసుల్లో, బాధితుల పక్కన కూర్చోవడమే. కేసు నడిపేది ప్రభుత్వం తరఫు వకీలు, స్పెషల్ పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్). ఆయనకు కాగితాలు అందించడం, కోర్టులో ఏం జరుగుతోందో ఇంటివాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం, వాయిదా రోజు వాళ్లు బస్సెక్కేలా చూడడం నా పని. ఈ మూడోదే కష్టం. కేసులు ఎక్కడెక్కడ జారిపోతాయో చూసి చూసి ఉన్నాను. అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీకు అప్పుడే మూడు రోజులు పోయాయి.

ముందు ఆసుపత్రి కాగితం. దెబ్బ ఎట్ల తగిలిందని డాక్టరు రాసుకున్న లైను ఒకటి ఉంటుంది. అది చదువు, లేదా చదివించుకో. చాలా ఏళ్ల కిందట గుత్తి వైపు నుంచి ఒక పిల్లోడి కేసు వచ్చింది. ముగ్గురు కొట్టారు, తల పగిలింది, ఏడు కుట్లు. రాత్రి పదకొండుకు ఆసుపత్రికి తీసుకుపోతే డ్యూటీ డాక్టరు ఏమైందని అడిగాడు. వాకిట్లో కొట్టినవాళ్ల మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ల నాయన భయపడి "బైకు మీంచి పడినాడు సార్" అన్నాడు. నాలుగేళ్ల తర్వాత కోర్టులో అవతలి వకీలు ఆ కాగితం పైకెత్తి పట్టుకుని, "డాక్టరుగారికి బైకు మీంచి పడ్డానని చెప్పారా, లేదా? అవును, కాదు, అంతే చెప్పండి" అన్నాడు. పిల్లోడు నాయన వైపు చూశాడు. నాయన గోడ వైపు చూశాడు. ముగ్గురూ విడుదలయ్యారు. ఆ ఒక్క లైను వల్లేనా అంటే కాదు, కానీ ఆ రోజు తర్వాత ఆ కేసు లేవలేదు.

మీ వాడి కాగితంలో ‘కొట్టారు’ అని ఉంటే మంచిదే. ‘కిందపడ్డాడు’ అని ఉంటే కంగారు పడకండి. దాచకండి కూడా. పోలీసులకిచ్చే వాంగ్మూలంలోనే "అప్పుడు ఫలానావాళ్లు అక్కడ నిలబడి ఉంటే భయపడి అట్ల చెప్పాను" అని ముందే చెప్పేస్తే అది మచ్చలా మిగలదు. ఎక్స్‌రే ఫిల్మ్ పారేయకండి. ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయం. ఉత్త దెబ్బలకూ దానికీ శిక్షలో చాలా తేడా ఉంది.

రెండోది మాట. నువ్వు నీ ప్రశ్నలో ‘కులం పేరుతో బూతులు తిట్టారు’ అని రాశావు. చదువుకున్నవాడివి, ఆ మాట రాయడానికి నీకు నోరు రాలేదు, అర్థమైంది. ఫిర్యాదులో మాత్రం ఆ వాక్యం ఎందుకూ కొరగాదు. అన్నది అన్నట్టు రాయాలి: "మాదిగ నా కొడకా, మా ముందర కాలు మీద కాలేసుకుంటావా" అన్నారా? అయితే అదే రాయండి, ఎవడు అన్నాడో వాడి పేరుతో సహా. నలుగురూ కలిసి అన్నారని రాయొద్దు. నలుగురూ ఒకే వాక్యం ఒకేసారి పలకరు, కోర్టులో అది నిలబడదు. ఒకడు అన్నాడు, ఒకడు కట్టె తెచ్చాడు, ఇద్దరు పట్టుకున్నారు అంటే అట్లనే. ఈ రాత్రి కూర్చుని నువ్వొక కాగితం మీద, నీ స్నేహితుడొక కాగితం మీద విడివిడిగా రాసుకోండి. ఒకరిది ఒకరు చూసుకోవద్దు. రెండింట్లో చిన్న చిన్న తేడాలుంటాయి, ఉండనీ. రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటేనే జడ్జికి అనుమానం.

మాట మీద ఇంత పట్టు ఎందుకంటే, గొడవకూ నువ్వు అడిగిన ద్వేష నేరానికీ మధ్య గీత అక్కడే ఉంది. దెబ్బ రెండింట్లోనూ ఒకటే. గట్టు తగాదాలో విరిగిన చెయ్యీ, కులం కోసం విరిగిన చెయ్యీ ఎక్స్‌రేలో ఒకేలా కనిపిస్తాయి. ఎందుకు కొట్టారన్నది చెప్పేది దెబ్బకు ముందు వచ్చిన మాట, ఎంచుకున్న చోటు, ఎంచుకున్న మనిషి. ఆ అరుగు మీద ఆ రాత్రి ఇంకెవరెవరు కూర్చున్నారు? వాళ్లలో కాలు మీద కాలేసుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? నువ్వు వేసుకున్నావా? వేసుకుని ఉంటే, నిన్నెందుకు కొట్టలేదో రాయి. ఆ ఒక్క వాక్యం పది పేజీల వాదనకు సమానం.

ఇంకొకటి కనుక్కో. పండగ మరుసటి రోజు మాదిగ గేరి (వాడ) పిల్లలు బడికి ఏ దారిన పోయారు? చావిడి ముందర నుంచి పోయారా, చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోయారా? చుట్టు తిరిగి పోయి ఉంటే, ఆ దెబ్బ ఒక్క మణికట్టుకు తగిలింది కాదని నీకే అర్థమవుతుంది. ఒకణ్ణి కొట్టి వంద మందికి చెప్పడం ఈ నేరం స్వభావం. కొట్టినవాళ్లకు మీ వాడి మీద సొంత పగ ఉండాల్సిన పని లేదు. నువ్వు రాసినదాన్ని బట్టి ఆ నలుగురిలో ఇద్దరు వాడి బండిలోనే ఆదోని మార్కెట్టుకు ఉల్లిగడ్డలు పంపించేవాళ్లట. సరుకు తోలేటప్పుడు పనికొచ్చినవాడు అరుగు మీద కూర్చునేసరికి పనికిరాకుండా పోయాడు.

ఇంత చిన్నదానికా అని ఊళ్లో అంటారు. కారణం ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర బర్రెలకు పెట్టిన కుడితి నీళ్లు పోయొద్దన్న మాటతో మొదలైంది. 1991లో చుండూరు గొడవకు నిప్పు రాజేసింది సినిమా హాల్లో ఒక దళిత పిల్లోడి కాలు ముందు సీటువాడికి తగలడం. మొదటిదాంట్లో ఆరుగురు, రెండోదాంట్లో ఎనిమిది మంది చనిపోయారు. చుండూరు కోసం ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు, 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ‘కాలు తగిలింది’, ‘కాలు మీద కాలేశాడు’ అనేవి సాకులని, అసలు కారణం వాటి వెనక ఉంటుందని చెప్పడానికి చెప్తున్నా.

పీర్ల పండగ పూట ఇట్ల జరగడం చూస్తే నాకు ఒళ్లు మండింది. మా జిల్లా గూగూడులో పీర్ల పండగకు కుళ్లాయస్వామిని మొక్కేవాళ్లలో అన్ని కులాలూ, రెండు మతాలూ ఉంటాయి. గుండం చుట్టూ చిందేసేటప్పుడు పక్కవాడి భుజం మీద చెయ్యేసినవాళ్లే, గుండం ఆరాక అరుగు మీద చోటు లెక్కలు తీస్తారు. సరే, కేసుకొస్తాను.

మన దేశంలో ‘ద్వేష నేరం’ అనే పేరుతో ఒక చట్టం లేదు. జాతీయ నేర గణాంకాల్లోనూ ఆ పేరుతో ప్రత్యేకంగా పద్దు ఉండదు. ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, మీ వాడికి వర్తించేది అందులో అన్నిటికన్నా గట్టిది: 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. అట్రాసిటీ చట్టం అనేది దీన్నే. అవమానించాలని అవమానిస్తే 3(1)(ఆర్), కులం పేరుతో తిడితే 3(1)(ఎస్). రెండూ నలుగురి కళ్లెదుట జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేకుండా అన్న మాటకు ఇవి వర్తించవని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. చావిడి అరుగు నడిబజారు కాబట్టి ఆ చిక్కు మీకు లేదు. శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్లు. విరిగిన చేతికి, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు అదనం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సంహితలో ఇంకో కొత్త మాట ఉంది: అయిదుగురు, అంతకన్నా ఎక్కువ మంది గుంపుగా చేరి కులం, మతవర్గం, భాష, పుట్టిన చోటు, లింగం, సొంత నమ్మకం లాంటి కారణంతో చంపితే 103(2), తీవ్రంగా గాయపరిస్తే 117(4). మీ కేసులో నలుగురే అన్నావు కాబట్టి అది పట్టదు. అయిదోవాడు కట్టె అందించాడేమో గుర్తు తెచ్చుకో, లేనివాణ్ణి మాత్రం కలపొద్దు. కలిపిన ఒక్క అబద్ధం ఉన్న నాలుగు నిజాలను తినేస్తుంది.

స్టేషన్లో ‘ముందు విచారించి చూస్తాం’ అంటే, అట్రాసిటీ చట్టంలో 2018లో చేర్చిన సెక్షన్ 18ఏ గురించి మర్యాదగా గుర్తు చెయ్యండి. ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ప్రాథమిక విచారణ అక్కర్లేదని అందులో ఉంది. ఆ ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ముందు ప్రాథమిక విచారణ చెయ్యొచ్చంది, ఏప్రిల్ 2న దేశమంతా బందు జరిగింది, ఆగస్టులో పార్లమెంటు చట్టం మార్చింది, 2020లో సుప్రీంకోర్టే ఆ మార్పును సరేనంది. అయినా కదలకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. 14566కు ఫోన్ చేసి నమోదు చేయించండి, అది ఈ చట్టం కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైను. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజు ఒక కాపీ ఇవ్వండి. ఎస్‌ఐతో వాదన పెట్టుకోవద్దు, ఆయన కూడా ఆ ఊరి పెద్దల ఫోన్లు ఎత్తే మనిషే. తెలిసి తెలిసి విధి మానేసిన ఉద్యోగికి ఈ చట్టం నాలుగో సెక్షన్లో శిక్ష ఉందని ఆయనకు తెలుసు, నువ్వు గుర్తు చేసి పగ కొని తెచ్చుకోనక్కర్లేదు. తారీకున్న కాగితాలే మెల్లగా ఆ పని చేస్తాయి.

ఎఫ్‌ఐఆర్‌లో అట్రాసిటీ సెక్షన్లు లేకుండా ఉత్త కొట్లాట కింద కట్టారనుకో, అదీ అంతం కాదు. సెక్షన్లు మారుస్తూ పోలీసులు కోర్టుకు మెమో వెయ్యొచ్చు. అప్పుడు దర్యాప్తు డీఎస్పీ చేతికి పోతుంది, ఆ హోదాకు తక్కువవాళ్లు ఈ కేసు దర్యాప్తు చెయ్యకూడదు. 60 రోజుల్లో ఛార్జిషీటు వెయ్యాలి. నలుగురినీ ఆ రోజే సంకెళ్లేసి తీసుకుపోతారని మాత్రం గేరిలో ఎవరికీ మాటివ్వొద్దు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు నోటీసిచ్చి పంపడం మామూలైంది. రెండో రోజు నిందితుడు టీ తాగుతూ కనిపించేసరికి "కేసు పోయింది" అని గేరి మొత్తం చల్లబడిపోతుంది. ముందే చెప్పి ఉంచితే చల్లబడదు.

ఇంగ్లండులో 1993లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాణ్ణి బస్టాపు దగ్గర పొడిచి చంపితే పోలీసులు దర్యాప్తును నీరుగార్చారు. దాని మీద వేసిన విచారణ 1999లో ఒక మాట చెప్పింది: బాధితుడికి గానీ, ఇంకెవరికైనా గానీ అది జాతి వల్ల జరిగిందనిపిస్తే, పోలీసులు దాన్ని అట్లనే నమోదు చేసుకుని దర్యాప్తు మొదలుపెట్టాలి. నిజమా కాదా తర్వాత తేలుతుంది. మన స్టేషన్లలో తలకిందులు. ముందు "కులం కాదులే" అని తేల్చేసి, ఆ తర్వాత కాగితం తీస్తారు.

ఒక సున్నితమైన సంగతి. మీ వాడి ఇంట్లో ఆదివారం చర్చికి పోతారా? మన సీమలో చాలా గేరీల్లో అది మామూలే, సర్టిఫికెట్‌లో ఎస్సీ హిందూ, ఇంట్లో బైబిలు. 2025లో మన రాష్ట్ర హైకోర్టు క్రైస్తవంలోకి మారినవాళ్లు ఈ చట్టం వాడుకోలేరని చెప్పింది. అవతలి వకీలు మొదట వెతికేది దీన్నే. కాబట్టి ఏదీ దాచకుండా ముందే వకీలుకు చెప్పండి. అట్రాసిటీ సెక్షన్లు నిలబడకపోయినా చెయ్యి విరగ్గొట్టిన నేరం ఎక్కడికీ పోదు. ఈ ప్రశ్న వేసినందుకు నా మీద కోపం తెచ్చుకోవద్దు, దెబ్బ తిన్నవాడి మతం కోర్టులో ముద్దాయి కావడం నాకూ మింగుడుపడదు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, ఎట్ల తోడుండాలి అన్నది. నువ్వు డబ్బు సాయం గురించి, సోషల్ మీడియాలో పోస్టు పెట్టడం గురించి అడిగావు. పోస్టు వద్దు. ఫొటో అసలొద్దు. వాడి విరిగిన చెయ్యి ఊరూరా తిరగాలని వాడు అనుకుంటున్నాడో లేదో నువ్వు అడగలేదు.

ముందు మాట తీరు. "నువ్వు ముందు ఏమన్నావు వాళ్లను?" అని అడగొద్దు, ఆ ప్రశ్న వాడికి ఇప్పటికే పదిమంది వేసి ఉంటారు, వాళ్లమ్మతో సహా. "పోనీలే" అనొద్దు. "వదిలిపెట్టొద్దు, తేల్చేద్దాం" అని కూడా అనొద్దు, తేల్చాల్సింది నువ్వు కాదు, రేపు ఆ గేరిలో పడుకోవాల్సిందీ నువ్వు కాదు. కూర్చో, విను, అంతే. వాడు ఒకే కథను అయిదుసార్లు చెప్తాడు. అయిదుసార్లూ విను. "నేను ఆడ కూర్చోకుండా ఉంటే అయిపోయేది" అంటాడు చూడు, అక్కడ మాత్రం అడ్డుపడు. ఈ నేరాల్లో బాధితులను లోపలి నుంచి తినేది ఆ వాక్యమే. బైకు పోతే తాళం మార్చుకుంటాం, ఇంట్లో దొంగలు పడితే గోడ ఎత్తు చేసుకుంటాం, మళ్లీ జరగదులే అనుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది. కులాన్ని ఏ షాపులో మార్చుకుంటాం? అందుకే ఈ దెబ్బ తిన్నవాళ్లు మామూలు దెబ్బలు తిన్నవాళ్ల కంటే ఎక్కువ రోజులు నిద్రపోరు, బండి హారనుకే ఉలిక్కిపడతారు, నలుగురు నవ్వితే తమను చూసే అనుకుంటారు. నెల దాటినా అట్లనే ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేయించు, తెలుగులో మాట్లాడతారు. ‘పిచ్చి డాక్టరు’ అంటారని భయపడితే ‘నిద్ర కోసం’ అని చెప్పు, అబద్ధం కాదు కదా.

అన్నిటికన్నా పెద్ద సాయం నీకు నచ్చనిది. నువ్వు సాక్షివి. ప్రశ్న మొత్తంలో నీ గురించి ‘నేను అక్కడే ఉన్నాను’ అని ఒకే ముక్క రాసి ముందుకు పోయావు. నేను అక్కడే ఆగిపోయాను. గేరివాళ్లు పదిమంది సాక్ష్యం చెప్పినా అవతలి వకీలు "అందరూ ఒకే కులం, చుట్టాలు" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు. వేరే కులంవాడు, పైగా ముద్దాయికి తమ్ముడి వరస, ఆ తిట్టు నా చెవులారా విన్నానంటే ఆ వకీలు దగ్గర జవాబుండదు. అది ఎంత బరువో నాకు తెలుసు. మీ పెదనాయన ఇంటికి రేపటి నుంచి ఎట్ల పోతావు, మీ అమ్మ ఎంత ఏడుస్తుంది, నీకు పిల్లనిచ్చేటప్పుడు ఎవరేమంటారు, ఇవన్నీ ఉన్నాయి. కాబట్టి ఆవేశంలో ఒప్పుకోవద్దు. రెండు రోజులు ఆలోచించు. ఒప్పుకుని నాలుగేళ్ల తర్వాత బోనులో ‘నాకేం తెలీదు’ అనేకంటే, ఇప్పుడే కాదనడం వాడికి మేలు. అడ్డం తిరిగిన సాక్షి చేసే నష్టం, లేని సాక్షి చెయ్యడు.

ఒప్పుకుంటే మాత్రం ఇవి గుర్తుపెట్టుకో. పోలీసులు నీ వాంగ్మూలం రాసుకున్నాక దాని మీద సంతకం పెట్టమంటే పెట్టక్కర్లేదు, దానికి సంతకం ఉండకూడదనే చట్టం. చదివి వినిపించమని మాత్రం అడుగు. మేజిస్ట్రేటు ముందు చెప్పే వాంగ్మూలం వేరు, దాని మీద సంతకం ఉంటుంది. ఆ అవకాశం వస్తే వదులుకోవద్దు, తర్వాత నిన్ను మాట మార్చమని ఒత్తిడి చేసేవాళ్లకు అదే చెప్పొచ్చు, "ఇంక నా చేతిలో లేదు పెద్దనాయనా, జడ్జిగారి దగ్గర సంతకం పెట్టేశాను" అని. ఈ చట్టంలోని 15ఏ బాధితుడితో పాటు సాక్షికీ రక్షణ అడిగే హక్కు ఇస్తుంది. వాయిదాకు పోయి రావడానికి ఛార్జీలు, ఆ రోజు కూలి నష్టం కూడా ప్రభుత్వమే ఇవ్వాలి. చాలామంది అడగరు. ముద్దాయిల బెయిలు విచారణకు బాధితుడికి నోటీసివ్వడం తప్పనిసరని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వాడికి నోటీసు రాకుండా బెయిలు వస్తే స్పెషల్ పీపీకి చెప్పండి.

పరిహారం మాట. కేసును బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా ఉంది. తిట్టి అవమానించినదానికి లక్ష, అందులో పాతిక శాతం ఎఫ్‌ఐఆర్ కాగానే, సగం ఛార్జిషీటు పడ్డాక, మిగతాది శిక్ష పడితే. మొదటి విడత వారంలో అందాలని రూల్సు. సాంఘిక సంక్షేమ శాఖ ద్వారా వస్తుంది, కుల ధ్రువపత్రం, బ్యాంకు పాసుబుక్కు తయారుగా పెట్టమను. డబ్బు రాగానే టీ కొట్టు దగ్గర "దుడ్ల కోసం పెట్టినార్రా కేసు" అంటారు. ఆరు వారాలు స్టీరింగు పట్టలేని డ్రైవరు బండి కంతు ఎట్ల కడతాడని ఎదురడుగు. లేదా ఊరుకో. నేనైతే ఊరుకోను.

అసలు పరీక్ష కేసు కట్టిన తర్వాత వస్తుంది. ఇప్పుడు బుడ్డలు (వేరుశనగ) విత్తే రోజులు. గేరి ఆడవాళ్లను కూలికి పిలవడం ఆగిపోతుంది. ఎవరూ ‘రావద్దు’ అనరు, పిలవరంతే. కిరాణా కొట్లో అప్పు బంద్, ట్రాక్టరు ‘ఖాళీ లేదు’, పాలకేంద్రంలో ‘క్యాను నిండింది’. పదిహేను రోజుల్లో మీ వాడి నాయన మీదికి గేరివాళ్లే వస్తారు: "నీ కొడుకు కాలు మీద కాలేసుకున్నందుకు మా ఇంట్లో పొయ్యి వెలగడంల్యా" అని. ఇది సాంఘిక, ఆర్థిక బహిష్కరణ, అదే చట్టంలో 3(1)(జెడ్‌సీ) కింద వేరే నేరం. కానీ నోటిమాటతో రుజువు కాదు. ఒక నోటుబుక్కు కొనివ్వు. ఫలానా తారీకు, ఫలానా కొట్టు, ఎవరు అడిగారు, ఎవరు ఏమన్నారు, రోజుకు రెండు లైన్లు. చదువుకున్న ఆడపిల్ల ఎవరైనా ఉంటే ఆ పని తనకివ్వండి, మగపిల్లలు మూడో రోజుకు మానేస్తారు. ఆ మధ్యకాలంలో ఉపాధి పని కోసం అందరూ కలిసి రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. ఊళ్లో మీ నాన్నకు నాలుగెకరాలుంటే, విత్తనానికి ఆ ఆడవాళ్లను పిలవమని అడుగు. పదివేలు చందా ఇచ్చినదానికంటే అది ఎక్కువ.

అవతలివాళ్లు కౌంటర్ కేసు పెడతారు, సిద్ధంగా ఉండండి. ‘మా ఇంటి ఆడవాళ్లను ఏదో అన్నాడు’ అనో, ‘పీర్ల హుండీలో డబ్బు తీశాడు’ అనో. ఆ తర్వాత పెద్దమనుషులు వస్తారు: రెండు కేసులూ ఎత్తేసుకుందాం, రాజీ. ఈ చట్టం కింద నేరాలకు ఊరి రాజీ చెల్లదు, ఇరువర్గాలూ కలిసి కేసును ఎత్తేయలేరు. అయినా వాళ్ల నాయన రాజీకి మొగ్గితే ఆయన్ను తిట్టొద్దు. నా అనుభవంలో రాజీకి ఒప్పుకున్నవాళ్లెవరూ పిరికివాళ్లు కారు, లెక్క చూసుకున్నవాళ్లు. ఆయన లెక్కలో కూలి, నీళ్లు, కూతురి పెళ్లి ఉన్నాయి. ఆ లెక్క మారేలా చుట్టూ ఏదన్నా చెయ్యగలిగితే చెయ్యాలి, లేకపోతే నోరు మూసుకోవాలి. సంఘాల నాయకులు కొందరు మొదటి వారం జెండాతో వచ్చి, మూడో నెల వాయిదాకు కనపడరు. అందరూ అట్ల కాదు. ఎవరు కడదాకా ఉంటారో మీ జిల్లా కోర్టు క్యాంటీన్లో కూర్చుంటే గంటలో తెలుస్తుంది. వకీలుకు డబ్బుల్లేవనుకుంటే 15100, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

నీ ప్రశ్న కింద ఇద్దరు వేరే ప్రశ్నలు వేశారు, ముస్లిం అయినందుకు కొడితే ఏ చట్టం, హిజ్రా అయినందుకు కొడితే ఏ చట్టం అని. పొట్టిగా చెప్తాను. ముస్లిం అయినందుకు కొడితే అట్రాసిటీ చట్టం లాంటి కవచం లేదు. ఉగాదికి ముస్లింలు దేవుని కడప వెంకన్న గుడికొచ్చి మొక్కే జిల్లా మాది అని కడపవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, అది నిజం, కానీ ఆ నిజం సంతలో గొడ్లు తోలే మనిషిని కాపాడదు. గుంపు దాడి అయితే న్యాయ సంహితలో పైన చెప్పిన కొత్త సెక్షన్లు, రెచ్చగొట్టే మాటలకు అందులోనే సెక్షన్ 196. గుంపు దాడుల విషయం చూడడానికి ప్రతి జిల్లాలో ఎస్పీ హోదాకు తగ్గని నోడల్ అధికారి ఉండాలని 2018 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది, ఆయనెవరో అడిగి ఆయన పేరు మీదే ఫిర్యాదు ఇవ్వండి. హిజ్రాల మీద దాడికి ట్రాన్స్‌జెండర్ల హక్కుల 2019 చట్టంలో ఆరు నెలల నుంచి రెండేళ్లే శిక్ష. ఇది చాలా తక్కువ. అందుకని మామూలు గాయాల సెక్షన్లు వదలకుండా కలిపించండి.

తమ్ముడూ, చివరిగా ఒకటి. ఆరు వారాలకు కట్టు విప్పుతారు. ఆ రోజు నీ బైకు మీద నువ్వే తీసుకుపో. వచ్చేటప్పుడు, వాడు సరేనంటేనే, చెరువు కట్ట మీద నుంచి కాకుండా చావిడి ముందర నుంచి రా. బండి ఆపొద్దు, ఎవరి వైపూ చూడొద్దు. బడి వదిలే టైముకు రండి.